గారెకు చిల్లు... తరంగానికి దారి!

మెలికలు తిరిగిన దారిలో ఒక్క చుక్కా ఒలకకుండా, వెనక్కి తిరగకుండా పరుగెత్తే తరంగాలు... వాటిని నడిపించే సిలికాన్ ముక్క మీద ముగ్గులాంటి చిల్లులు... ఆ చిల్లుల వెనక గారెకీ బూరెకీ తేడా చెప్పే లెక్కలు! రేపటి ఫోన్లకీ కంప్యూటర్లకీ పనికొస్తుందంటున్న 'టోపలాజికల్ ఫొటోనిక్స్' కథ ఇది.

తిరుమల కొండ ఎక్కిన ఎవరికైనా ఘాట్ రోడ్డు మలుపులు గుర్తుంటాయి. కిటికీ పక్క సీటు కోసం పిల్లల పోట్లాట, మలుపు తిరగ్గానే ఒకరి మీద ఒకరు ఒరిగిపోవడం, పెద్దమ్మ కొంగున దాచుకున్న నిమ్మకాయ... కడుపులో తిప్పినా మనసులో ఒక ధైర్యం మాత్రం ఉంటుంది. ఎదురుగా బస్సు రాదు! ఎక్కేవాళ్లకి ఒక రోడ్డు, దిగేవాళ్లకి ఇంకో రోడ్డు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగా దిగుతాం. 1974లో వచ్చిన రెండో రోడ్డు మీదుగా ఎక్కుతాం. సగం దూరం వెళ్లాక 'అయ్యో, గ్యాస్ కట్టేశానో లేదో' అని గుర్తొచ్చినా వెనక్కి తిరగడం కుదరదు. పైకి వెళ్లాల్సిందే.

సరిగ్గా ఇలాంటి ఘాట్ రోడ్డునే శాస్త్రవేత్తలు వేలెడంత సిలికాన్ పలక మీద వేశారు. దాని మీద వెళ్లేది బస్సు కాదు, తరంగం. పది పదునైన మలుపులున్న ఆ దారిలో సెకనుకు 1,100 కోట్ల బిట్ల సమాచారాన్ని పంపించి చూశారు. అది చెక్కుచెదరకుండా అవతలికి చేరింది. డీవీడీలో పట్టే ఒక సినిమా మొత్తం మూడున్నర సెకన్లలో వెళ్లిపోయే వేగం అది. 2020లో 'నేచర్ ఫొటోనిక్స్' పత్రికలో ఆ ప్రయోగ ఫలితాలు అచ్చయ్యాయి. సింగపూర్‌లోని నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం, జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయం కలిసి చేసిన పని ఇది. రాసినవాళ్ల జాబితాలో రంజన్ సింగ్, ప్రకాశ్ పిచ్చప్ప అనే పేర్లు కూడా కనిపిస్తాయి.

'పది మలుపులు తిరిగితే అంత గొప్పా?' అని అడగొచ్చు. గొప్పే! ఎందుకో తెలియాలంటే ముందు తరంగాల వీధిలోకి వెళ్లాలి.

ఖాళీగా ఉన్న వీధి

ఎఫ్ఎం రేడియో తరంగం సెకనుకు దాదాపు పది కోట్లసార్లు ఊగుతుంది. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్‌లోది 245 కోట్లసార్లు. మన సెల్‌ఫోన్ల తరంగాలు కూడా అటూ ఇటూగా ఆ వీధిలోనే కాపురం. ఇక మన కంటికి కనిపించే కాంతి అయితే కొన్ని వందల లక్షల కోట్లసార్లు. ఈ రెండింటి మధ్య ఒక పెద్ద ఖాళీ జాగా ఉంది. సెకనుకు లక్ష కోట్లసార్లు ఊగితే ఒక 'టెరాహెర్ట్జ్'. సుమారుగా 0.1 నుంచి 10 టెరాహెర్ట్జ్ దాకా ఉన్న తరంగాలదే ఆ జాగా. అల పొడవు చెప్పాలంటే 3 మిల్లీమీటర్ల నుంచి 0.03 మిల్లీమీటర్ల దాకా.

అది చాలాకాలం అలా ఖాళీగానే ఎందుకుండిపోయింది? రేడియో ఇంజినీర్ల ట్రాన్సిస్టర్లకు అంత వేగంగా ఊగడం కష్టం. లేజర్లు చేసేవాళ్లకేమో అంత నెమ్మదిగా ఊగే కాంతిని పుట్టించడం కష్టం. ఇద్దరికీ అందని చోటు కాబట్టి 'టెరాహెర్ట్జ్ గ్యాప్' అని పేరు పెట్టి ఊరుకున్నారు. కానీ సెల్‌ఫోన్ల వీధుల్లో ట్రాఫిక్ జామ్ మొదలయ్యాక అందరి చూపూ ఆ ఖాళీ జాగా మీద పడింది. దారి ఎంత వెడల్పు ఉంటే అన్ని బళ్లు పడతాయి. టెరాహెర్ట్జ్ వీధి వెడల్పు అలాంటిలాంటిది కాదు. 2019లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు 275 నుంచి 450 గిగాహెర్ట్జ్ మధ్యలోనే సమాచార ప్రసారానికి మొత్తం 137 గిగాహెర్ట్జ్ వెడల్పును గుర్తించింది. ఇంతవరకూ అన్ని తరాల సెల్‌ఫోన్లూ వాడిన జాగా అంతా కలిపినా దాని ముందు చిన్న సందే.

ఈ తరంగాలకు కొన్ని సరదా గుణాలున్నాయి. బట్ట, అట్టపెట్టె, ప్లాస్టిక్ - వీటిలోంచి దూరిపోతాయి. నీళ్లంటే మాత్రం హడల్. ఆరిన చొక్కాలోంచి వెళ్తాయి, తడి చొక్కా దగ్గర ఆగిపోతాయి. గాల్లో తేమ ఉన్నా నీరసపడిపోతాయి. ఎక్స్-రేల మాదిరిగా కణాల్లోని అణువులను విరగ్గొట్టే శక్తి వీటికి లేదు. అందుకని మందుబిళ్లల పూత మందం చూడటానికీ, పాత చిత్రాల అడుగు పొరలు పరిశీలించడానికీ ఇప్పటికే వాడుతున్నారు.

రైల్వే టైంటేబుల్‌తో ప్రయోగం!

ఈ వీధి గుమ్మం దాకా మొట్టమొదట వెళ్లినవాళ్లలో మన జగదీశ్ చంద్రబోస్ ఒకరు. 1895లో కలకత్తాలో ఆయన మిల్లీమీటర్ తరంగాలను పంపించి, తీగల్లేకుండానే దూరంగా ఉన్న గంటను మోగించి, మందుగుండు పేల్చి చూపించారు. ఆయన సృష్టించిన తరంగాల పొడవు 5 మిల్లీమీటర్ల దాకా తగ్గింది. ఇప్పటి లెక్కల్లో 60 గిగాహెర్ట్జ్! 1897 జనవరిలో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆ పరికరాలన్నీ ప్రదర్శించారు.

ఆ పరికరాల్లో నాకు బాగా నచ్చేది ఒకటుంది. తరంగాల ఊపును ఒకే దిశకు వడకట్టడానికి ఆయన వాడినది... బ్రాడ్‌షా రైల్వే టైంటేబుల్! పేజీల మధ్య పల్చటి తగరపు రేకులు పెట్టారంతే. మెలిపెట్టిన జనపనార పోగులతో తరంగాల దిశను తిప్పి చూశారు. వస్తువు ఏమిటన్నది కాదు, దాన్ని ఎలా పేర్చామన్నదే తరంగానికి ముఖ్యం. ఈ కీలకం ఆయనకు అప్పుడే తెలుసన్నమాట. మన కథంతా నడిచేది ఆ కీలకం మీదే.

ఇంట్లో మైక్రోవేవ్ ఓవెన్ ఉంటే దాని తలుపు చూడండి. అద్దం లోపల చిల్లుల రేకు ఒకటి ఉంటుంది. లోపల తిరిగే పళ్లెం మనకు కనిపిస్తూనే ఉంటుంది, అంటే కాంతి బయటికి వస్తోంది. ఓవెన్‌లోని తరంగాలు మాత్రం రావు. వాటి అల పొడవు 12 సెంటీమీటర్లు. ఆ బుల్లి చిల్లుల్లో పట్టవు. చిల్లు సైజుకీ అల సైజుకీ మధ్య ఉన్న ఈ లెక్కను ఇంకాస్త ముందుకు తీసుకెళ్తే వచ్చేదే 'ఫొటోనిక్ క్రిస్టల్'.

చిన్నప్పుడు పుస్తకంలో దాచుకున్న నెమలీక కూడా అదే. ఆ నీలం, ఆ ఆకుపచ్చ ఏ రంగుపొడీ కాదు. ఈకలోని సన్నటి కడ్డీలు వరసగా పేర్చినట్టు ఉండటంవల్ల కొన్ని రంగుల కాంతి లోపలికి పోలేక వెనక్కి తిరిగి వస్తుంది. 1987లో ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా ఈ సంగతిని సిద్ధాంతంగా నిలబెట్టారు. ఒకరు ఎలీ యాబ్లోనోవిచ్. ఇంకొకరు కేరళలో పుట్టి కెనడాలో పెరిగిన సజీవ్ జాన్. ఒక పదార్థంలో చిల్లుల్ని తగినంత దూరంలో, క్రమం తప్పకుండా పెట్టుకుంటూ పోతే కొన్ని తరంగాలకు అందులో 'నో ఎంట్రీ'. మధ్యలో ఒక వరస చిల్లులు మానేస్తే తరంగం ఆ సందు వెంట వెళ్తుంది. అటూ ఇటూ గోడలున్నట్టే!

బాగానే ఉంది. చిక్కల్లా మలుపుల దగ్గరే వచ్చింది. తోటకు నీళ్లు పెట్టేటప్పుడు చూడండి, కాలువ నిటారుగా ఉన్నంతసేపూ బాగానే పారుతుంది. చటుక్కున పక్కకు తిప్పామా, కొంత గట్టు మీదికి పొర్లుతుంది, కొంత వెనక్కి కొడుతుంది. తరంగమూ అంతే. అందుకని చిప్‌లో దాన్ని మెల్లగా, పెద్ద వంపు తిప్పి తీసుకెళ్లాలి. కానీ చిప్ మీద స్థలం అంటే బంజారాహిల్స్‌లో స్థలంలాంటిది. పెద్ద వంపులకు చోటెక్కడ? పోనీ రాగితీగలే వాడదామంటే ఈ వేగం దగ్గర లోహాలు తరంగాన్ని తాగేస్తాయి. దారి సిలికాన్‌లోనే ఉండాలి, మలుపు పదునుగా ఉండాలి, చుక్క ఒలకకూడదు. ఇదీ పొడుపుకథ.

నోబెల్ సభలో బన్ను

విప్పింది ఎవరో తెలుసా? తరంగాలతో ఏ సంబంధమూ లేని గణితం!

2016 అక్టోబరులో భౌతికశాస్త్ర నోబెల్ ప్రకటించినప్పుడు, కమిటీ సభ్యుడు థోర్స్ హాన్స్ హాన్సన్ విలేకరుల ముందు ఒక సంచి విప్పారు. అందులోంచి ఒక బన్ను, నడుమ చిల్లున్న బేగెల్ రొట్టె, రెండు చిల్లులున్న ప్రెట్‌జెల్ బయటికి తీశారు. మనవాళ్లు ఎవరైనా ఆ కమిటీలో ఉంటే బూరె, గారె తెచ్చి ఉండేవారు. బూరె తీపి, గారె కారం... రుచి తేడా మనకి. టోపాలజీ అనే గణితశాఖ చదివినవాళ్లకి మాత్రం ఒక్కటే తేడా. గారెకు చిల్లుంది, బూరెకు లేదు.

పిండి గారెను నొక్కండి, సాగదీయండి, వంకర చేయండి. చిల్లు ఒకటి ఉంటుంది. ఒకటే ఉంటుంది. ఒకటింబావు చిల్లులు, ఒకటిన్నర చిల్లులు అనేవి ఉండవు. గారెను బూరె చేయాలంటే చిల్లు పూడ్చాల్సిందే. బూరెను గారె చేయాలంటే చింపాల్సిందే. అంటే చిల్లుల సంఖ్య చిన్నచిన్న కుదుపులకు చలించదు. ఏదైనా పదార్థం గుణం ఇలాంటి సంఖ్య మీద ఆధారపడి ఉంటే? చిన్నచిన్న లోపాలు ఎన్నున్నా ఆ గుణం మారదు కదా!

అలాంటి పదార్థం నిజంగానే దొరికింది. 1980 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో క్లాస్ వాన్ క్లిట్జింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక సిలికాన్ పరికరాన్ని బాగా చల్లబరిచి, బలమైన అయస్కాంత క్షేత్రంలో పెట్టి కొలుస్తున్నారు. విద్యుత్ నిరోధం ఎక్కడపడితే అక్కడ కాకుండా మెట్లుమెట్లుగా మారింది. ఆ మెట్లన్నీ 25,812.8 ఓమ్‌లనే సంఖ్యను 1, 2, 3, 4తో భాగిస్తే వచ్చేవే. ముక్క మారినా, మురికి ఉన్నా అదే సంఖ్య! 1985లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ మెట్లకు కారణం గారె చిల్లులాంటి ఒక పూర్ణసంఖ్యేనని 1982లో డేవిడ్ థౌలెస్, ఆయన సహచరులు తేల్చారు. 2016 నోబెల్ థౌలెస్, డంకన్ హాల్డేన్, మైకేల్ కోస్టర్‌లిట్జ్‌లకు వచ్చిందంటే దాని వెనక ఇదీ ఉంది.

ఆ పరికరంలో జరిగేదాన్ని ఇలా ఊహించుకోవచ్చు. అయస్కాంతం వల్ల మధ్యలో ఉన్న ఎలక్ట్రాన్లు గానుగెద్దుల్లా ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంటాయి. అంచున ఉన్నవాటికి గుండ్రం పూర్తిచేసే చోటు లేదు. గోడకు తగులుతూ తగులుతూ ఒకే వైపుకు సాగిపోతాయి. దారిలో మురికి అడ్డొస్తే చుట్టూ తిరిగి పోతాయేగానీ వెనక్కి రావు. వెనక్కి వచ్చే దారంటూ ఒకటి ఉంటే కదా! అంచు ఎందుకంత ప్రత్యేకం అంటే... ఇటు గారె, అటు బూరె అనుకోండి. ఒకటి ఇంకోటిగా మారే సరిహద్దులో ఎక్కడో ఒకచోట చిల్లు పూడాలి. ఆ పూడే చోటే దారి. దాన్ని ఎవరూ మూసేయలేరు.

ఎలక్ట్రాన్ల నుంచి కాంతికి

ఇదంతా ఎలక్ట్రాన్ల సంగతి. కాంతికీ ఇలాంటి ఒన్‌వే దారి వేయొచ్చు కదా అన్నది హాల్డేన్‌కూ, ఆయన శిష్యుడు శ్రీనివాస్ రఘుకూ వచ్చిన ఆలోచన. 2005లో రాశారు. పత్రికలో అచ్చయ్యేసరికి 2008! మూడేళ్లు! మరుసటి ఏడాదే అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్తలు దాన్ని చేసి చూపించారు. ఫెర్రైట్ కడ్డీలను వరసగా నిలబెట్టి, అయస్కాంతం మధ్య పెట్టి, అంచు వెంట మైక్రోవేవ్ తరంగాన్ని పంపించారు. దారికి అడ్డంగా లోహపు గోడ పెట్టారు. తరంగం గోడను చుట్టి ముందుకే వెళ్లింది. ఆ బృందంలోని యిడాంగ్ చాంగ్ తర్వాత సింగపూర్ నాన్యాంగ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఆ విశ్వవిద్యాలయం ఈ రంగంలో పెద్ద పేరు తెచ్చుకోవడం చూస్తే విత్తనాలు ఎలా ఎగురుతాయో అర్థమవుతుంది.

అన్నట్టు, ఈ పూర్ణసంఖ్యను లెక్కించే పద్ధతికి బెంగళూరులో ఒక వేరు ఉంది. సి.వి.రామన్ మేనల్లుడు పంచరత్నం 1956లో, తన 22వ ఏట, రామన్ పరిశోధన సంస్థలో ఒక వింత కనిపెట్టారు. కాంతి ఊపు దిశను దశలవారీగా మార్చుకుంటూ మళ్లీ మొదటి స్థితికే తీసుకొస్తే, అది అచ్చం మొదట ఉన్నట్టు తిరిగిరాదు. చుట్టివచ్చిన దారి గుర్తు దానిలో ఉండిపోతుంది. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసి గుమ్మం ముందుకే వచ్చినవాడి గడియారం కాస్త ముందుకు జరిగినట్టు! 1984లో ఇంగ్లండుకు చెందిన మైకేల్ బెర్రీ ఇదే సూత్రాన్ని క్వాంటం శాస్త్రమంతటికీ విస్తరించి చెప్పారు. మనవాడు ముందే చెప్పాడని 1986లో రామశేషన్, నిత్యానంద గుర్తుచేశారు. బెర్రీ వెంటనే 1987లో పంచరత్నం కృషిని వివరిస్తూ వ్యాసం రాశారు. చూడటానికి పంచరత్నం లేరు. 1969లోనే, 35 ఏళ్లకు, ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు. ఇవాళ టోపాలజీ చిప్‌ల లెక్కలన్నిటిలో ఆ 'చుట్టివచ్చిన గుర్తు'లను కూడితేనే చిల్లుల సంఖ్య వస్తుంది.

సిలికాన్ మీద ముగ్గు

ఎంఐటీ ప్రయోగం గొప్పదే. కానీ ఫోనులో అయస్కాంతం పెట్టి, దాని చుట్టూ ఫెర్రైట్ కడ్డీలు పాతలేం కదా. అయస్కాంతం అక్కర్లేని ఉపాయం కావాలి. అదే మన సింగపూర్ చిప్‌లో ఉంది.

పండగ రోజు వాకిట్లో చుక్కల ముగ్గు ఊహించుకోండి. ఒక పెద్ద త్రిభుజం పైకి, పక్కన ఒక చిన్న త్రిభుజం కిందికి. మళ్లీ పెద్దది పైకి, చిన్నది కిందికి. వాకిలి సగం దాకా ఇలా నింపారు. మిగతా సగం పక్కింటి పిన్నిగారు వేశారు. ఆవిడ మాత్రం తిరగేసి, పెద్దది కిందికి, చిన్నది పైకి వేసింది. రెండూ అవే ముగ్గులు, అవే చుక్కలు. కానీ రెండూ కలిసే చోట ఒక గీత కనిపిస్తుంది. సిలికాన్ పలకలో ఇలా త్రిభుజాల చిల్లులు తొలిచారు. ఒక ముగ్గుకీ ఇంకో ముగ్గుకీ దూరం పావు మిల్లీమీటరు కంటే కాస్త తక్కువ. ఏ సగంలోకీ తరంగానికి ప్రవేశం లేదు. రెండు సగాలు కలిసే గీత వెంట మాత్రం రాజమార్గం!

ఆ గీత మీద తరంగాలు రెండు వైపులా వెళ్లొచ్చు. అయితే కుడికి వెళ్లే తరంగం తిరుగుడు వేరు, ఎడమకి వెళ్లే తరంగం తిరుగుడు వేరు. శాస్త్రవేత్తల భాషలో అవి రెండు వేర్వేరు 'లోయలు'. ఒక లోయలో ఉన్నది వెనక్కి తిరగాలంటే కొండ దాటి ఇంకో లోయలోకి దూకాలి. మామూలు మలుపుకు అంత బలం ఉండదు. అందుకే మలుపు ఎంత పదునుగా ఉన్నా, గీత ముగ్గు దిక్కుల వెంటే తిరిగినంతవరకూ, తరంగం ముందుకే. మొదట్లో చెప్పిన ఘాట్ రోడ్లు గుర్తొచ్చాయా? రెండు రోడ్లూ ఒకే కొండ మీద ఉన్నాయి. ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి బస్సు ఎగరలేదు. అంతే!

2020 ప్రయోగంలో తరంగం వేగం 0.33 టెరాహెర్ట్జ్ ప్రాంతంలో ఉంది. 11 గిగాబిట్ల సమాచారంతో పాటు, కుదించని 4కే వీడియోను అప్పటికప్పుడు ఆ చిప్ గుండా పంపి తెర మీద చూశారు. కుదించకపోవడం అంటే మాటలు కాదు. 4కే తెర మీద దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి. చుక్కకు 24 బిట్లు, సెకనుకు 30 బొమ్మల లెక్కన దాదాపు 600 కోట్ల బిట్లు, అంటే 6 గిగాబిట్లు. ఒసాకా బృందంలో ఉన్న తదావో నగత్సుమాకు ఈ దృశ్యం కొత్త కాదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ సమయంలో జపాన్ టీవీ కోసం 120 గిగాహెర్ట్జ్ తరంగాల మీద హైడెఫినిషన్ దృశ్యాలు పంపిన పరికరాల అభివృద్ధిలో ఆయనది ముఖ్యపాత్ర.

అక్కడితో ఆగలేదు. 2022లో ఇదే రకం చిప్‌లో సెకనుకు 160 గిగాబిట్లు సాధించారు. సెకనుకు నాలుగు డీవీడీలన్నమాట! పైగా చిప్ మీద లేజర్ వెలుగు పడేలా చేసి దారిని తెరవడం, మూయడం నేర్చుకున్నారు. వెలుగు పడ్డ చోట సిలికాన్‌లో విడి ఎలక్ట్రాన్లు పుట్టి తరంగాన్ని పీల్చేస్తాయి. వెలుగే గేటు, వెలుగే గేటుమాన్. 2024లో 'నేచర్'లో వచ్చిన పని ఇంకా పెద్దది. ఒకే చిప్‌లో 184 దారులు, 54 చోట్ల చీలికలు, 136 పదునైన మలుపులు! వాటి చివర్ల నుంచి తరంగాన్ని గాల్లోకి, 360 డిగ్రీల్లో ఏ దిక్కుకు కావాలంటే ఆ దిక్కుకు గురిపెట్టి వదలగలిగారు. టార్చిలైటు తిప్పకుండానే వెలుగును తిప్పినట్టు. ఒకేసారి ఎనిమిది దిక్కులకు, ఒక్కోదానికి 40 గిగాబిట్ల చొప్పున సమాచారం వెళ్లింది.

నిజంగా ఒలకదా?

ఇక్కడిదాకా చదివితే అంతా బంగారంలా కనిపిస్తుంది. ఈ రంగంలోని వ్యాసాల్లో 'రక్షణ' అనే మాట పదేపదే వస్తుంది. లోపాల నుంచి, మలుపుల నుంచి, వెనక్కి మళ్లడం నుంచి టోపాలజీ కాపాడుతుందని. ఎంతవరకు నిజం?

2023లో డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని మొహమాటం లేకుండా పరీక్షించారు. ఇదే 'లోయల' పద్ధతిలో, కానీ ఇంటర్నెట్ కేబుళ్లలో వాడే కాంతికి సరిపడేలా, నానోమీటర్ల సైజులో చిల్లులు తొలిచారు. కాంతిని బాగా నెమ్మదింపజేసే పరిస్థితిలో కొలిచి చూస్తే... వెనక్కి మళ్లడం దండిగా ఉంది! చిల్లుల అంచుల్లో తయారీలో వచ్చే కాస్తంత గరుకుతనం చాలు, తరంగం లోయ దూకేస్తోంది. మామూలు దారి కంటే టోపాలజీ దారి మెరుగేమీ కాదని తేల్చారు. అయస్కాంతం ఉన్న ఎంఐటీ దారిలో వెనక్కి రోడ్డే లేదు. లోయల దారిలో రోడ్డుంది, దూకడం కష్టమంతే. ఈ రెండు రకాల రక్షణల్నీ ఒకే గాటన కట్టి పొగడటమే పొరపాటని నాకనిపిస్తుంది.

అయితే టెరాహెర్ట్జ్‌వాళ్లకు అదృష్టం కలిసొచ్చింది. వాళ్ల తరంగం గాల్లో దాదాపు మిల్లీమీటరు పొడవు, సిలికాన్‌లోనూ పావు మిల్లీమీటరుకు పైమాటే. దాని చిల్లులు కంటికి ఆనేంతవి. నానోమీటర్ల గరుకుతనం ఆ అలకు అసలు తెలియనే తెలియదు. లారీకి రోడ్డు మీద ఇసుక రేణువు తెలుస్తుందా? మిగిలేది మలుపుల సమస్య. దాన్ని ముగ్గు తీర్చేసింది. అలాగని నష్టమే ఉండదనుకోకండి. సిలికాన్ ఎంత శుద్ధమైనా కొంత పీల్చుకుంటుంది, చిప్ మొదట్లో తరంగాన్ని ఎక్కించేటప్పుడూ చివర దింపేటప్పుడూ కొంత పోతుంది. వాటికి టోపాలజీ వైద్యం లేదు.

ఇంకో చిక్కు తరంగాన్ని పుట్టించడం. 2020లోనే సింగపూర్, ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు ఇదే లోయల పద్ధతిలో విద్యుత్తుతో నడిచే టెరాహెర్ట్జ్ లేజరు చేశారు. కాంతి త్రిభుజాకారపు దారిలో మూల మూలా తిరిగి లేజరుగా బయటికొస్తుంది. అద్భుతమే. కానీ అది పనిచేయాలంటే బాగా చల్లబరచాలి. జేబులో ఫోనుతో పాటు ఫ్రిజ్ కూడా మోయలేం కదా! గది వేడిలో పనిచేసే బుల్లి డయోడ్‌లు ఉన్నాయిగానీ వాటి శక్తి తక్కువ. అందుకే ఒసాకావాళ్లు ఆ డయోడ్‌లను సిలికాన్ దారిలోనే అమర్చే పనిలో పడ్డారు.

6జీ ఎలా ఉండాలన్న చట్రాన్ని అంతర్జాతీయ టెలికం సంఘం 2023లో ఆమోదించింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా అదే ఏడాది మార్చిలో 'భారత్ 6జీ' పత్రం విడుదల చేసింది. రెండింటికీ గురి 2030. అయినా ఈ ముగ్గుల చిప్‌లు ముందుగా చేరేది మన చేతిలో ఫోన్లలోకి కాకపోవచ్చు. గాల్లో తేమ ఉన్నంతకాలం ఈ తరంగాలు ఊరు దాటవు, టవరు నుంచి పొలం గట్టు దాకా రావు. దగ్గరదగ్గరగా ఉండి, ఒకదానితో ఒకటి క్షణం ఆగకుండా మాట్లాడుకునే కంప్యూటర్లు వేలకొద్దీ ఉన్న డేటా సెంటర్లలో వీటికి గిరాకీ ఎక్కువ. అక్కడ కేబుళ్ల బదులు చిప్ నుంచి చిప్‌కు గాల్లోనే సమాచారం దూకించాలన్నది ఆలోచన.

2024 ప్రయోగంలో అదీ చేసి చూశారు. ఒక చిప్ నుంచి ఇంకో చిప్‌కు సెకనుకు 72 గిగాబిట్లు. మధ్యలో దూరం 300 మిల్లీమీటర్లు... పిల్లల స్కూలు బ్యాగులో ఉండే పెద్ద స్కేలంత!